మట్టిని కాపాడిన మహనీయుడు – హ్యూ హామండ్ బెన్నెట్

ఒక యేటి పైరు పోయిన మరుసటి యేట మరల వేసికొనవచ్చును. ఎద్దు చచ్చిన అప్పు చేసియైనను మరియొకటి కొనవచ్చును. కాని చేనిపై నున్న సారవంతమైన మన్ను కొట్టుకొనిపోయినచో దానిని తిరిగి తెచ్చుట ఎవరి తరమును కాదు. అంగుళము మందము మన్ను తయారగుటకు ప్రకృతికి వందల యేండ్లు పట్టును. ఈ సత్యమును తన దేశపు రైతులకు వారి పొలముల లోనే నిలిచి బోధించినవాడు హ్యూ హామండ్ బెన్నెట్. అమెరికా దేశమున ఆయనను భూసంరక్షణోద్యమ పితామహుడని గౌరవింతురు.

బెన్నెట్ 1881 ఏప్రిల్ 15వ తేదీన ఉత్తర కరోలినా రాష్ట్రములోని ఆన్సన్ జిల్లాలో, వేడ్స్‌బరో పట్టణ సమీపమున, ప్రత్తి పండించు రైతు కుటుంబమున జన్మించెను. బాల్యమున ఆయన తండ్రికి తోడుగా ఏటవాలు చేలలో అడ్డగట్లు వేయుటకు కొలతలు పట్టెడివాడు. ఈ శ్రమయంతయు ఎందుకని అడుగగా, మన్ను కొట్టుకొనిపోకుండుటకని తండ్రి చెప్పెనట. 1903లో ఆయన పట్టభద్రుడై, ఆ యేటనే కేంద్ర వ్యవసాయశాఖకు చెందిన నేలల పరిశీలన కార్యాలయమున ఉద్యోగిగా చేరెను.

1905లో వర్జీనియా రాష్ట్రములోని లూయిసా జిల్లాలో నేలలను పరిశీలించుటకు ఆయనను పంపిరి. అచ్చట రెండు భూములు ప్రక్కప్రక్కనే యున్నవి. రెండింటి వాలు ఒకటే, రాయి ఒకటే. చెట్లు నిలిచియున్న వైపు మన్ను మెత్తగా, చెమ్మగా నుండి చేతితో త్రవ్వుటకు వీలయ్యెను. ఏండ్ల తరబడి దున్నిన వైపు బంకమన్ను బయటపడి రాతివలె బిగిసియుండెను. గండ్లు తెగిన చోటనే నేలకు నష్టమని అందరును తలచుచుండిరి. కాని ప్రతి వానకును పలుచని పొర యొకటి చేనంతటినుండియు, చూచువారికి తెలియకుండ, జారిపోవుచున్నదని బెన్నెట్ గ్రహించెను. దీనికే పొరకోత యని పేరు.

ఆ మాట వెంటనే ఎవరికిని రుచింపలేదు. నేల తరుగని సంపదయని ఆయన పనిచేయు కార్యాలయమే 1909లో ప్రకటించెను. బెన్నెట్ వెనుదీయలేదు. రాష్ట్రములు తిరిగి, కొలతలు తీసి, వ్యాసములు వ్రాసెను. 1928లో చాప్లైన్ అను సహోద్యోగితో కలిసి, నేలకోత జాతికే ముప్పని చాటు చిన్న గ్రంథమును వెలువరించెను. దాని ఫలితముగా పరిశోధన కేంద్రముల స్థాపనకు అమెరికా శాసనసభ 1,60,000 డాలర్లు మంజూరు చేసెను.

1933లో నేలకోత నివారణకు ప్రత్యేకశాఖ యేర్పడగా, బెన్నెట్ దానికి అధిపతి యయ్యెను. విస్కాన్సిన్ రాష్ట్రమున కూన్ క్రీక్ అను వాగు పరీవాహక ప్రాంతమున తొలి ప్రయత్నము జరిగెను. ఉద్యోగులు ఒక్కొక్క రైతు చేనికి పోయి, వాలును, మన్నును చూచి, ఏ భాగము దున్నదగినదో, ఏది గడ్డికి, ఏది చెట్లకు విడువదగినదో రైతుతో కలిసి నిర్ణయించిరి. రైతు అయిదేండ్లకు ఒడంబడిక వ్రాసియిచ్చెను. ప్రభుత్వము విత్తనములు, సున్నము, ఎరువులు ఇచ్చెను. నిరుద్యోగ యువకుల శిబిరములవారు గట్లు వేయుటకు, మొక్కలు నాటుటకు తోడ్పడిరి. వాలునకు అడ్డముగా దున్నుట, పైరును గడ్డిని పట్టెలు పట్టెలుగా వేయుట అచ్చట ఆచారమయ్యెను. పరుగెత్తు నీరు నడక నేర్చి నేలలో ఇంకెను.

ఆ కాలమున పడమటి మైదానములలో వానలు లేక, దున్నిన నేల ధూళియై ఎగసిపోవుచుండెను. 1935 వసంతమున బెన్నెట్ చట్టసభ సంఘము ఎదుట వాదించుచున్న దినములలో ఆ ధూళి రాజధాని ఆకాశమును క్రమ్మెను. వాదమునకు అంతకంటె సాక్ష్యము అక్కరలేకపోయెను. ఆ యేడు ఏప్రిల్ 27న భూసంరక్షణ చట్టము అమలులోనికి వచ్చెను. బెన్నెట్ నూతనశాఖకు తొలి అధిపతిగా నియమితుడయ్యెను.

అయినను రాజధానినుండి వచ్చు ఆజ్ఞలతో చేలు బాగుపడవని ఆయన యెరుగును. రైతులే కోరి, ఓటు వేసి, తమలోనుండి పెద్దలను ఎన్నుకొని నడుపుకొను సంరక్షణ మండలములకు 1937నుండి రాష్ట్ర చట్టములు దారి చూపెను. సలహా చెప్పువాడు ప్రభుత్వపువాడు. చేయుటయు మానుటయు రైతు యిష్టము. మొట్టమొదటి మండలము 1937 ఆగస్టు 4న బెన్నెట్ పుట్టిన ఆన్సన్ జిల్లాలోనే యేర్పడెను. బాలుడుగా తండ్రితో గట్లకు కొలతలు పట్టిన నేల అందులోనిదే. నేడు ఆ దేశమున అట్టి మండలములు దాదాపు 3,000 కలవు.

బెన్నెట్ 1951లో ఆ పదవిని విడిచి, 1960 జులై 7న పరమపదించెను. ఆయన స్థాపించిన శాఖ 1994లో పేరు మారినను నేటికిని రైతుల చేలకు పోయి సాయపడుచున్నది. విత్తనమును, కొలతను, సలహాను ప్రభుత్వము ఇయ్యగలదు. వాన కురియు వేళ చేనికి పోయి, నీరు ఏ దారిని పోవుచున్నదో, దాని రంగు ఏమో చూడవలసినవాడు మాత్రము రైతే. ఎఱ్ఱని నీరు గట్టు దాటినచో దానితో బిడ్డల సొత్తు పోవుచున్నదని తెలిసికొనుటయే బెన్నెట్ జీవితము నేర్పు పాఠము.