హైదర్ అలీ

హైదర్ అలీ (సుమారు 1720 - డిసెంబర్ 7, 1782) 1761 నుండి మరణించే వరకు మైసూరు రాజ్యాన్ని పాలించిన సేనాని. సింహాసనం మీద ఒడయారు వంశపు రాజులు కొనసాగినా అధికారమంతా ఇతని చేతిలోనే ఉండేది. టిప్పు సుల్తాన్ ఇతని పెద్ద కుమారుడు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం ఇతని కాలంలో మైసూరుకు, గుత్తి మరాఠాలకు నడుమ పలుమార్లు చేతులు మారింది. హైదరుకు ఆయుధాలు చేరే సముద్రపు రేవులను మూసివేయాలని ఈస్టిండియా కంపెనీ చేసిన ప్రయత్నం రెండవ మైసూరు యుద్ధానికి ముఖ్య కారణాలలో ఒకటి.

తొలి జీవితం

హైదర్ నేటి కర్ణాటకలోని కోలారు జిల్లా బూదికోటలో జన్మించాడు. తండ్రి ఫతే ముహమ్మద్ ఒకప్పుడు ఆర్కాటు నవాబు సైన్యంలో యాభైమంది రాకెట్ సైనికులకు నాయకుడు. తరువాత సిరా సుబేదారు కొలువులో చేరాడు. 1728లో సిరా పదవి కోసం జరిగిన పోరులో అతడు మరణించాడు. బాకీ నెపంతో దొడ్డబళ్ళాపురం జాగీరుదారు అబ్బాస్ కులీఖాన్ ఆ కుటుంబం ఆస్తినంతా లాక్కొని, చిన్నపిల్లలైన షాబాజ్, హైదర్ సోదరులను చిత్రహింసల పాలుచేశాడు. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత హైదర్ సైన్యం దొడ్డబళ్ళాపురం మీదికి వచ్చినపుడు అబ్బాస్ కులీఖాన్ ఎదురునిలువక ఆర్కాటుకు పారిపోయాడు.

హైదరుకు చదవను, వ్రాయను రాదు. అయినా కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందూస్తానీ భాషలలో ధారాళంగా మాట్లాడేవాడు.

తుపాకుల సేకరణ

1749లో దేవనహళ్ళి ముట్టడిలో చూపిన సాహసంతో ఇతడు మైసూరు దళవాయి దృష్టిలో పడ్డాడు. మరుసటి సంవత్సరం నిజాం నాసిర్ జంగ్ వెంట కర్ణాటక యుద్ధానికి వెళ్ళిన మైసూరు దళంలో ఉన్నాడు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హత్యకు గురికాగా, ఆ గందరగోళంలో హైదర్ మనుషులు ఖజానాలో కొంత భాగాన్ని తరలించుకుపోయారు. దానితోపాటు ఇతడు సుమారు 500 తుపాకులు, 300 గుర్రాలు సమకూర్చుకున్నాడని మైసూరు చరిత్ర వ్రాసిన విల్క్స్ పేర్కొన్నాడు. ఇతని తరువాతి జీవితానికి పెట్టుబడి ఇదే అనవచ్చును.

ఫ్రెంచివారి కవాతును, ఫిరంగి దళాలను ఆ యుద్ధంలో దగ్గరగా చూసిన హైదర్, 1755లో దిండిగల్ ఫౌజుదారు కాగానే ఫ్రెంచి పనివారిని రప్పించి అక్కడ ఆయుధాగారం నెలకొల్పాడు. అయితే నాణ్యమైన తుపాకులు, ఫిరంగులు, వాటిని నడపగల నిపుణులు చాలావరకు సముద్రం మీదుగానే రావాలి. మైసూరుకు అప్పటికి సముద్రతీరం లేదు. 1763లో బెదనూరును జయించడంతో మంగళూరు రేవు దక్కింది. కానీ సముద్రంపై పెత్తనం ఐరోపా కంపెనీలదే.

పెనుకొండ సీమ

విజయనగర రాజులకు 1565 తరువాత రాజధానిగా నిలిచిన పెనుకొండ, మొగలుల కాలంలో సిరా సుబాలోని ఏడు పరగణాలలో ఒకటి. 1761లో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ సొమ్ము పుచ్చుకొని హైదరుకు సిరా నవాబు బిరుదు ఇచ్చాడు. అప్పటికి సిరా మరాఠాల చేతిలో ఉంది. అంటే తన అధీనంలో లేని ఊరిని అమ్మాడన్నమాట. అయినా ఆ బిరుదుతో హైదరుకు ఈ పరగణాలపై హక్కు చెప్పుకొనే వీలు కలిగింది.

పెనుకొండ అప్పుడు గుత్తి పాలకుడు మురారిరావు ఘోర్పడేది. హిందూపురాన్ని నిర్మించి తన తండ్రి హిందూరావు పేరు పెట్టినది ఇతడేనని ప్రతీతి. 1762లో హైదర్ చిక్కబళ్ళాపురం పాలెగానిపై దండెత్తగా మురారిరావు పాలెగానికి తోడు వచ్చాడు. అతనిని ఓడించి హైదర్ కోడికొండ, పెనుకొండ, మడకశిరలను ఆక్రమించాడు. 1765లో పీష్వా మాధవరావు చేతిలో ఓడినపుడు మురారిరావు ప్రాంతాలను తిరిగి ఇవ్వవలసివచ్చింది. మాధవరావు మరణానంతరం, 1774 నుండి, పోయినవన్నీ ఒక్కొక్కటిగా రాబట్టాడు. నేడు బెంగుళూరు నుండి గుత్తి వైపు వెళ్ళే రైలుమార్గం హిందూపురం, పెనుకొండ, చిత్రావతి ఒడ్డునున్న ధర్మవరం మీదుగా సాగుతుంది; ఆనాటి పోరు కూడా చివరకు గుత్తి కోటలోనే ముగిసింది. దీర్ఘకాలపు ముట్టడిలో నీరు అయిపోవడంతో 1776లో మురారిరావు లొంగిపోయి, కబ్బాళదుర్గంలో బందీగా మరణించాడు.

బొంబాయి ఒప్పందం

మొదటి మైసూరు యుద్ధం (1767-69) మద్రాసు ముంగిట జరిగిన సంధితో ముగిసింది. ఒకరిపై ఎవరైనా దండెత్తితే మరొకరు సాయపడాలన్నది ఆ సంధిలోని షరతు. మరాఠాలు దండెత్తినపుడు మద్రాసు నుండి సాయం రాలేదు. హైదర్ దీనిని చివరిదాకా మరువలేదు.

విచిత్రమేమంటే, అదే కంపెనీకి చెందిన బొంబాయి ప్రభుత్వం 1770లో ఇతనితో వేరే ఒప్పందం చేసుకున్నది. మలబారు మిరియాలు, గంధపు చెక్క బొంబాయివారికి కావాలి. హైదరుకు ఆయుధాలు కావాలి. కనుక సరుకుల మూల్యంలో కొంత భాగాన్ని తుపాకులు, సూరేకారం, సీసం, మందుగుండు రూపంలో చెల్లించే ఏర్పాటు జరిగింది. మద్రాసు కౌన్సిలుకు శత్రువుగా కనిపించినవాడు బొంబాయి వర్తకులకు ఖాతాదారుగా కనిపించాడు. ఈ దారి నమ్మదగినది కాదని గ్రహించిన హైదర్ క్రమంగా ఫ్రెంచివారి వైపు మొగ్గాడు.

మాహే, మోటుపల్లి

మలబారు తీరంలోని ఫ్రెంచి రేవు మాహే హైదరుకు ఆయుధద్వారం. తూర్పు తీరంలో గుంటూరు సర్కారులోని మోటుపల్లి రేవు మీద కూడా మద్రాసు ప్రభుత్వానికి అనుమానం ఉండేది. కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి ఇదే. 1768 సంధి ప్రకారం గుంటూరు సర్కారు బసాలత్ జంగ్‌కు జీవితకాలం ఉండాలి. అతడు ఆదోనిలో లాలీ అనే ఫ్రెంచి అధికారి క్రింద ఒక దళాన్ని పోషిస్తూ, దానికి కావలసిన మనుషులను, సామగ్రిని మోటుపల్లి గుండా రప్పించేవాడు.

1778లో ఐరోపాలో ఇంగ్లాండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలైంది. ఆ అక్టోబరులో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. తరువాతి లక్ష్యం మాహే. ఆ రేవు తన రక్షణలో ఉన్నదని హైదర్ ముందుగానే హెచ్చరించి, కోటకు తన సైనికులను కూడా పంపాడు. మద్రాసు గవర్నరు రంబోల్డ్ లెక్కచేయలేదు. 1779 మార్చిలో మాహే పడిపోయింది.

అదే సంవత్సరం రంబోల్డ్ బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకొని గుంటూరును కౌలుకు తీసుకున్నాడు, ఫ్రెంచి దళాన్ని తొలగింపజేశాడు. బదులుగా ఆదోని రక్షణకు కంపెనీ పటాలాన్ని కడప సీమ మీదుగా పంపాడు. కడప అప్పటికే హైదర్ స్వాధీనంలో ఉంది. అనుమతి అడగకుండా వచ్చిన ఆ పటాలాన్ని కొండదారులలో హైదర్ మనుషులు అడ్డగించగా అది వెనుదిరిగింది. ఇలా ఇరువైపుల రేవులు మూతబడిన తరువాత, హైదర్ అంతరంగం తెలుసుకొనేందుకు రంబోల్డ్ క్రైస్తవ మతబోధకుడు ష్వార్ట్జ్‌ను శ్రీరంగపట్నానికి పంపాడు. అప్పటికే ఆలస్యమైంది.

గుంటూరు ఒప్పందం కంపెనీకి కూడా అచ్చిరాలేదు. తనను సంప్రదించలేదని నిజాం ఆగ్రహించాడు. కలకత్తా కౌన్సిలు గుంటూరును తిరిగి ఇచ్చివేయమని ఆదేశించింది. తొలగించబడిన లాలీ చివరకు హైదర్ కొలువులోనే చేరాడు. ఆయుధాలు రాకుండా మూసిన ద్వారం, ఆయుధాలు నడపగలవారిని నేరుగా హైదర్ చెంతకే చేర్చింది.

యుద్ధం, మరణం

1780 జూలైలో హైదర్ 80 వేలకు మించిన సైన్యంతో కర్ణాటక మీదికి దిగాడు. సెప్టెంబరు 10న కంచి సమీపంలోని పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ దళం దాదాపు పూర్తిగా నాశనమైంది. మైసూరువారి దాడిలో మందుగుండు బండ్లు పేలిపోవడం అందుకు ఒక కారణం. ఆ దళం గుంటూరు నుండి వస్తున్నదే. బెయిలీ శ్రీరంగపట్నం చెరలో మరణించాడు.

1781లో పోర్టోనోవో, షోలింగూరు యుద్ధాలలో సర్ ఐర్ కూట్ హైదరును ఓడించినా, మైసూరు సైన్యాన్ని కర్ణాటక నుండి వెళ్ళగొట్టలేకపోయాడు. 1782లో ఫ్రెంచి నౌకాదళాధిపతి సఫ్రెన్ తెచ్చిన దళాలు పోర్టోనోవోలో దిగాయి. ఆశించిన పెద్ద సైన్యం మాత్రం హైదర్ బ్రతికుండగా రాలేదు. వీపుపై లేచిన రాచపుండుతో 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో మరణించాడు. మలబారులో ఉన్న టిప్పు వచ్చేవరకు మరణవార్తను దాచి ఉంచారు. భౌతికకాయాన్ని మొదట కోలారులో తండ్రి సమాధి వద్ద ఉంచి, తరువాత శ్రీరంగపట్నంలో ఖననం చేశారు.

తరువాత

యుద్ధం 1784 మార్చిలో మంగళూరు సంధితో ముగిసింది. బసాలత్ జంగ్ కూడా 1782లోనే మరణించినా, గుంటూరు కంపెనీకి 1788లో గాని దక్కలేదు. 1798లో నిజాం తన ఫ్రెంచి దళాన్ని కంపెనీ ఒత్తిడితో రద్దుచేశాడు. హైదరాబాదులో ఆ సిపాయిల చేత ఆయుధాలు క్రింద పెట్టించారు. 1799లో టిప్పు మరణానంతరం పెనుకొండ సీమలో చాలా భాగం నిజాంకు, 1800లో దత్తమండలాలలో భాగంగా కంపెనీకి చేరింది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టి ఇక్కడి పాలెగాళ్ళను అణచివేసిన థామస్ మన్రో, 1780లో మద్రాసు సైన్యంలో కొత్తగా చేరి హైదరుతో యుద్ధం చేసినవాడే.