యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టీ.పీ.లను కనుగొన్నవారిలో ఒకడు. నేడు శరీరాన్ని కోయకుండా అయస్కాంత అనునాద పద్ధతిలో కొలిచే పదార్థాలలో ఈ రెండూ ముఖ్యమైనవి.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న, నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రాజమండ్రిలో చదివి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే పొందాడు.

భాస్వరం కొలత

తరువాత అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరాడు. జీవనోపాధికై రాత్రులు ఆసుపత్రిలో పనిచేశాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఇందులో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి నీలిరంగునిస్తుంది. రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. కండర ద్రవంలో ఈ రంగు ఆలస్యంగా రావడాన్ని వారు గమనించారు. కారణం వెదకగా, సులభంగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఏ.టీ.పీ.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు. ఇంత చేసినా సుబ్బారావుకు హార్వర్డులో శాశ్వత పదవి లభించలేదు.

లెడర్లీలో పరిశోధనలు

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించింది. సోదరులను బలిగొన్న సంగ్రహణి చికిత్సకు అది ఉపకరించింది. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే ఎమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ గల 16 మంది పిల్లలకు వాడగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. గోదావరి డెల్టాను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ ఔషధం ఆరియోమైసిన్ కూడా ఆయన నేతృత్వంలోని విభాగం నుండే వచ్చాయి.

మరణం, వారసత్వం

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు ఎలుక కండరం నుండి వెలువడిన భాస్వర అనునాద సంకేతాలలో ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టీ.పీ.లను గుర్తించారు. సంకేతపు వైశాల్యం పదార్థ పరిమాణాన్ని తెలుపుతుంది. రంగుతో కొలిచేందుకు కండరాన్ని తీసి ద్రవంగా మార్చవలసి ఉండేది. ఈ పద్ధతితో బ్రతికి ఉన్న మనిషి కండరంలో, గుండెలో శక్తి నిల్వలను పరిశీలించడం సాధ్యమైంది. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది. సుబ్బారోమైసిస్ అనే శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు.