ఒక్క పాట వెనుక మరుగుపడిన పాటలు
(శ్రీ గరిమెళ్ళ సత్యనారాయణగారి జీవితం)

ఉగాది సభలో ప్రార్థన కాగానే ఒక దేశభక్తి గీతం పాడించడం మన సంఘానికి చిరకాలంగా వస్తున్న ఆచారం. ఈసారి ఏ పాట పెడదామని నలుగురం కూర్చున్నప్పుడు, పెద్దలలో ఒకరు గరిమెళ్ళవారి పాట అన్నారు. ఏ పాట అని ఎవరూ అడగలేదు. అడగనక్కరలేదు. గరిమెళ్ళ అనగానే మనకు గుర్తుకు వచ్చేది మాకొద్దీ తెల్లదొరతనము ఒక్కటే. అప్పుడు మాలో ఒక కుర్రవాడు, ఆయన ఇంకేమీ రాయలేదా అని అడిగాడు. ఒకరు దండాలు దండాలు భారతమాత అనే పాట పేరు చెప్పారు. మూడవ పాట పేరు ఎవరికీ తోచలేదు. పాటలంటే చెవి కోసుకునే పదిమందిమి అక్కడ ఉండికూడా, ఒక మహానుభావుని మూడవ పాట చెప్పలేకపోయాము. ఆ సిగ్గు తీర్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

శ్రీ సత్యనారాయణగారు 1893 జూలై 14వ తేదీన నరసన్నపేట దగ్గర గోనెపాడు గ్రామంలో జన్మించారు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. కాని ఆయన పుట్టేనాటికి ఆ ప్రాంతమంతా మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో కొంత అటు పోయింది, కొంత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. కనుక బరంపురం, ఛత్రపురం వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆయన పరాయి జిల్లావారు కారు. ఒకే జిల్లా బిడ్డ.

ఇంట్లో కలిమి లేదు. తండ్రి వెంకటనరసింహంగారు, తల్లి సూరమ్మగారు. పల్లెటూరి పేద బ్రాహ్మణ కుటుంబపు పిల్లవాడు ఆ రోజుల్లో బి.ఏ. దాకా చదవడం సామాన్యమైన మాట కాదు. ఒక న్యాయవాది ఆదుకోబట్టి ఆ చదువు సాగింది. తరువాత గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా కుదిరారు. కొంతకాలం విజయనగరం హైస్కూలులో ఉపాధ్యాయులుగా కూడా పనిచేశారు.

నేనూ గుమాస్తానే కనుక ఇక్కడ ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. నెల జీతమనేది ఎంత గట్టి పలుపుతాడో కచేరీలో కూర్చుని రిజిస్టరు రాసేవాడికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఇంట్లో ముసలి తలిదండ్రులు ఉంటే ఆ తాడు మరీ బిగుస్తుంది. బి.ఏ. చదివి, సర్కారు కొలువు రుచి చూసిన పేదింటి బిడ్డ దానిని వదలుకోవడమంటే, తన్ను చదివించినవారి ఆశలన్నీ వదలుకోవడమే. 1920 సెప్టెంబరులో కలకత్తా కాంగ్రెసు సహాయ నిరాకరణ తీర్మానం చేసింది. సత్యనారాయణగారు ఆ దారి పట్టారు. మళ్ళీ వెనక్కు చూడలేదు.

1921లో ఆయన కట్టిన పాట ఊరూరా పాకింది. పాట అచ్చుప్రతి బేడకు, అంటే రెండణాలకు, అమ్ముడుపోయేదట. కాని ఆ పాటకు కాగితంతో పనిలేదు. పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేస్తుంది. ఒకరు చరణం అందుకుంటే, చదువు రాని వందమంది పల్లవి అందుకోగలరు. పోలీసువారు పుస్తకం జప్తు చేయగలరు; గొంతులో ఉన్నదానిని జప్తు చేసేది ఎలాగు? పైగా ఆయనది ఖంగున మోగే కంఠం. తాను రాసి మరొకరి చేత పాడించుకునే కవి కారాయన. వీధిలో నిలబడి తానే పాడేవారు.

మనం సభలలో పాడుకునేది ఆ పాటలో రెండు మూడు చరణాలే. నిజానికది నూటయాభై పంక్తులకు పైబడిన పెద్ద పాట. పంటలు పండే దేశంలో పట్టెడు మెతుకులు కరువు కావడం, ఉప్పు తాకడం కూడ నేరమైపోవడం, మనిషి కుక్కతో పోటీపడి కూడు వెతుక్కోవడం మొదలుకొని, పరాయి పాలనలో సామాన్యుడు పడే అగచాట్లన్నీ ఒక్కొక్కటిగా వరుసబెట్టి చెప్పుకుపోతారు. గాంధీగారు దండికి నడిచి వెళ్ళి ఉప్పు తీసినది 1930లో. అంతకు తొమ్మిదేళ్ళ ముందే ఈ పాటలో ఉప్పు బాధ ఉంది. పేదవాడి గంజిలోకి ఏమి కావాలో ఎరిగినవారు కనుకనే అది ముందుగా ఆయన కంట పడింది. ఆ పాటను సగం పాడి, మిగిలిన సగాన్ని మరచిపోవడం మన మొదటి తప్పు. మరుగుపడిన పాటల లెక్క తీస్తే, అందరికీ తెలిసిన ఈ పాటలోని తెలియని చరణాలనే ముందు చేర్చుకోవాలి.

ఈ పాట దొరల చెవిని పడింది. అప్పుడు గోదావరి జిల్లా కలెక్టరుగా ఉన్న బ్రాకెన్ దొర సత్యనారాయణగారిని పిలిపించి, ఆ పాట తన ఎదుట పాడమన్నాడు. ఆయన జంకు లేకుండా పాడారు. దొరకు తెలుగు అర్థం కాకపోయినా, ఆ గొంతూ ఆ వరసా విన్నాక, పామరజనాన్ని ఇది ఎంతగా కదిలించగలదో అర్థమయిందని చెప్పుకుంటారు. పాటకు ఫలితంగా ఏడాది జైలు వచ్చింది. విడుదలయి వచ్చినవారు ఇంటికి వెళ్ళి ఊరుకున్నారా అంటే, లేదు. మళ్ళీ ఊళ్ళ వెంట తిరుగుతూ అదే పాట పాడారు. ఈసారి రెండున్నర ఏళ్ళ కఠినశిక్ష పడింది.

ఆ జైలులో ఉన్నప్పుడే, 1923లో, తండ్రిగారు కాలం చేశారు. క్షమాపణ చెప్పుకుంటే విడిచిపెడతామని అధికారులు కబురు పెట్టారు. చెప్పవలసినది ఒక్క మాట. ఆ మాట చెబితే కొడుకుగా చేయవలసిన కర్మకు అందుకునేవారు. ఆయన చెప్పలేదు. తలకొరివి పెట్టవలసిన వేళ జైలు గోడల నడుమ ఉండిపోయారు. ఇంటికి దూరంగా ఉద్యోగాలు చేసుకుంటూ, తంతి అందుకుని రైలు ఎక్కి, ఊరు చేరేసరికి అంతా అయిపోయిందని విన్న ప్రవాసులు మనలో ఎందరో ఉన్నారు. మనకు దూరం అడ్డం వచ్చింది. ఆయనకు అడ్డం వచ్చినది ఒక్క మాట. ఆ మాట ఎంత బరువైనదో మనం తూచలేము.

ఇక ఆయన తక్కిన పాటల సంగతి. 1921లోనే స్వరాజ్య గీతములు పుస్తకంగా వచ్చాయి. తరువాత హరిజనుల పాటలు, ఖండకావ్యాలు, బాలగీతాలు వెలువడ్డాయి. ఈ పేర్లు వరుసగా చదివితేనే ఆయన మనసు తెలుస్తుంది. తెల్లదొర పోతే చాలునని అనుకున్నవారైతే హరిజనుల కోసం వేరే పాటలు కట్టవలసిన పని ఏముంది? ఊరి బయట బ్రతుకుతున్నవారికి ఊరిలో చోటు లేని స్వరాజ్యం అరకొర స్వరాజ్యమేనని ఎరిగి రాశారు. రాజమహేంద్రవరానికి చెందిన శ్రీ కుసుమ ధర్మన్నగారు, దళితుల పక్షాన నిలిచి, మాకొద్దీ నల్లదొరతనము అని ఎత్తుకున్నారు. తెల్లవాడి పెత్తనాన్ని నిలదీసిన పాట, మనలో మన పెత్తనాన్ని నిలదీయడానికీ అక్కరకు వచ్చింది. పాట బలం అక్కడ తెలుస్తుంది. కాని మనం మొదటిది పాడినంత సంతోషంగా రెండవదానిని పాడము. హరిజనుల పాటలనూ పాడము. దొర ఎవరో పరాయివాడైనప్పుడు చప్పట్లు కొట్టడం సులువు. వేలు మన వైపు తిరిగినప్పుడు తాళం తప్పుతుంది. ఆ పాటలు మరుగుపడడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

దండాలు దండాలు భారతమాత అనే పాట పేరులోనే ఒక విశేషం ఉంది. కవులు వందనములంటారు, నమస్సులంటారు. దండాలు అనే మాట పొలంలో కూలివాడు అనేది. తల్లికి మొక్కడానికి ఆ మాటనే ఎన్నుకున్నారు. బి.ఏ. చదివినవారికి సంస్కృత పదం దొరకక కాదు. ఈ పాట ఎవరి నోట పలకాలని ఆయన ఆశించారో ఆ ఒక్క మాట చాటుతుంది. ఇక బాలగీతాల మాట చెప్పనే అక్కరలేదు. జైలు శిక్షలు అనుభవించి వచ్చిన మనిషి పసిపిల్లల కోసం కూర్చుని పాటలు రాశారని మన పిల్లలకు ఎవరు చెప్పారు? తెలుగు బడి దూరమైన మన ఇళ్ళకు అవే కదా ముందు కావలసినవి!

అంతటి పాట కట్టినవారికి బ్రతుకు తెరువు మటుకు దొరకలేదు. ఉన్న కొద్ది భూమీ చేజారింది. ఆ కాలంలో తెలుగు పత్రికలకూ, అచ్చుకూటాలకూ మదరాసే పెద్ద నెలవు. ఆయన కూడ అక్కడికే చేరారు. డాక్టరు కె.ఎన్. కేసరిగారి గృహలక్ష్మి పత్రికలో పనిచేశారు. తరువాత ఆంధ్రప్రభ, ఆనందవాణి పత్రికలలోను పనిచేశారు. తమిళ, కన్నడ గ్రంథాలను తెలుగు చేశారు. పరాయి ఊరిలో ఉంటూ, చుట్టుపట్ల వినిపించే భాషను నేర్చి, అందులోని మంచిని మన భాషలోకి తెచ్చిన ప్రవాసాంధ్రులాయన. మనం గర్వంగా చెప్పుకోవలసిన ఆ పని కూడ ఆ ఒక్క పాట నీడలో కనబడకుండా పోయింది.

1947లో తెల్లదొరతనం పోయింది. వద్దన్నది పోయిన తరువాత ఆ పాట అవసరమూ, పాడినవాని అవసరమూ తీరిపోయినట్లే అందరూ ప్రవర్తించారు. చివరి దశలో ఒక కన్ను పోయింది. పక్షవాతం వచ్చింది. పూట గడవడానికి ఒకరి ముందు చేయి చాచవలసి వచ్చింది. క్షమాపణ కోసం దొర ముందు నోరు విప్పనివారు, తిండి కోసం తనవారి ముందు చేయి చాచారు. ఇది ఆయన జీవితంలో జరిగిన అవమానం కాదు. మన జీవితంలో జరిగినది.

1952 డిసెంబరు 18వ తేదీన మదరాసులో ఆయన కన్నుమూశారు. నిండా అరవై ఏళ్ళు లేవు. ఆ తేదీకి ముందు వెనుకలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఆ ఏడు అక్టోబరు 19న అదే నగరంలో నిరశన పూనిన శ్రీ పొట్టి శ్రీరాములుగారు డిసెంబరు 15 రాత్రి అమరులయ్యారు. తెలుగునాడంతా అట్టుడికిపోయింది. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ఏర్పరుస్తామని ప్రకటించారు. అంత దుఃఖానికీ అంత సంతోషానికీ నడుమ ఒక్క రోజున గరిమెళ్ళవారు వెళ్ళిపోయారు. ఆ కోలాహలంలో ఒక రోగిష్టి కవి పోయాడన్న వార్త ఎందరి చెవిని సోకి ఉంటుంది? మరుసటి సంవత్సరం అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వెలిసింది. మదరాసు అందులోకి రాలేదు. ఆయన తనువు చాలించిన నేల ఆంధ్రం కాలేదు. గోనెపాడులో పుట్టిన మనిషి ప్రవాసిగానే మిగిలిపోయారు.

మాలో ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. రాశారు నాయనా, చాలా రాశారు; మనమే పాడలేదు. ఒక మనిషికి ఒక్క పాటే కట్టబెట్టి, ఏడాదికొకసారి జెండా దగ్గర అదే పాడి, ఆయన ఋణం తీరిందనుకున్నాము.

సంఘ సభ్యులకు నాదొక విన్నపం. పై సంవత్సరం ఆ పెద్ద పాటను రెండు చరణాలతో సరిపెట్టక, అంతా పాడించే ఏర్పాటు చేయండి. హరిజనుల పాటలు, బాలగీతాలు ఏ ఇంటి పెట్టెలోనైనా, ఏ పాత గ్రంథాలయంలోనైనా దొరికితే చేతిరాతతోనైనా నకలు తీసి పంపండి. నకళ్ళు తీయడం నా వృత్తి; ఎన్ని ప్రతులు కావాలన్నా నేను రాసి పెడతాను. ఇంట్లో తాతయ్యలకో నాయనమ్మలకో ఆయన పాట ముక్క ఏదైనా నోటికి వస్తే, వారు మన మధ్య ఉండగానే రాసుకోండి.

ఉగాది పచ్చడిలో తీపి ఒక్కటే ఏరుకుని తినే పిల్లవాడికి వేపపువ్వు కూడ తినాలని మనమే చెబుతాము. గరిమెళ్ళవారి పాటల విషయంలో మనమే ఆ పిల్లవాడిలా ఉన్నాము. ఈ కొత్త సంవత్సరంలోనైనా చేదు పాటలు కూడ నోటికి తెచ్చుకుందాము. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.