పేర్లు తెలియకపోయినా పరవాలేదు... పక్కన నడిస్తే చాలు!

బయట జోరువాన. గాలి హోరు. సముద్రం పొంగి ఒడ్డును దబదబా బాదుతోంది. అలాంటి రాత్రి మనమైతే ఏం చేస్తాం? తలుపులు గడియపెట్టి, పిల్లాణ్ని దుప్పట్లో చుట్టి జోకొడతాం. ఆవిడ కూడా దుప్పట్లోనే చుట్టింది. కానీ జోకొట్టలేదు. ఇరవై నెలల ఆ బుడతణ్ని చంకనెత్తుకుని చీకట్లో సముద్రం ఒడ్డుకు వెళ్లింది! తెల్లటి నురగ గుప్పిళ్లతో విసిరినట్టు మీద పడుతుంటే ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

ఆవిడ పేరు రేచల్ కార్సన్. పురుగుమందుల ప్రమాదం గురించి ప్రపంచాన్ని నిద్రలేపిన శాస్త్రవేత్త, రచయిత్రి. ఆ పిల్లాడు రోజర్, ఆమె అక్క కూతురి కొడుకు. మన వరసల్లో చెప్పాలంటే ఆమె వాడికి చిన్నమ్మమ్మ!

రేచల్ పెళ్లి చేసుకోలేదు. పిల్లల్ని కనలేదు. మరి పిల్లలకి ప్రకృతిని అలా పరిచయం చేయడం ఎక్కడ నేర్చుకుంది? వాళ్లమ్మ దగ్గర.

అమ్మే బడి

1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో రేచల్ పుట్టింది. నాలుగు గదుల ఇల్లు. లోపల కుళాయి కూడా లేదు. కానీ ఇంటి చుట్టూ 65 ఎకరాల జాగా. యాపిల్ చెట్లు, చిన్న అడవి, కాస్త దూరంలో అలెగెనీ నది. తండ్రి రాబర్ట్ ఇన్సూరెన్సు ఏజెంటు. ఎప్పుడూ డబ్బుకి కటకటే.

తల్లి మరియా బాగా చదువుకున్న మనిషి. పెళ్లికి ముందు పంతులమ్మ. పెళ్లవగానే ఆ ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లను బడిలో ఉంచుకోని రోజులవి. ఉద్యోగం పోయినా పాఠం చెప్పే మనసు ఎక్కడికి పోతుంది? పెద్దపిల్లలిద్దరూ బడికి వెళ్లిపోతే ఇంట్లో మిగిలిన చంటిది రేచల్. దాని చెయ్యి పట్టుకుని మరియా తోటలోకి, అడవిలోకి నడిచేది. పిట్టల కూతలు వినిపించేది. ఆకులు, పురుగులు, పువ్వులు చూపించేది.

అప్పట్లో అమెరికాలో 'ప్రకృతి పాఠం' అనే ఉద్యమం జోరుగా సాగుతుండేది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ దానికి పెద్దదిక్కు. ఆమె 1911లో టీచర్ల కోసం లావుపాటి పుస్తకం రాసింది. దాని పద్ధతి ఏమిటంటే... ముందు పుస్తకం తెరవొద్దు. కప్పనో, కోడినో, ఆకునో పిల్లల ఎదుట పెట్టి, వాళ్లే చూసి చెప్పేలా ప్రశ్నలడగాలి. టీచరుకి జవాబు తెలియకపోతే తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.

మరియా అచ్చంగా ఈ దారిలోనే నడిచింది. ఇంట్లో పురుగు కనిపిస్తే చంపకుండా బయట వదిలేది. పిల్లలు ఏదైనా పట్టుకొస్తే చూడటం అయ్యాక దాన్ని తెచ్చినచోటే పెట్టి రావాలి. ఊళ్లో జబ్బులు ప్రబలినా, మంచు ఎక్కువ కురిసినా రేచల్‌ని బడికి పంపేది కాదు. ఇంట్లోనే చదివించేది. బడికి ఎన్ని నాగాలు పెట్టినా రేచల్ మార్కులు మాత్రం తగ్గలేదు. పదకొండేళ్లకే 1918లో 'సెయింట్ నికొలస్' అనే పిల్లల పత్రికలో ఆమె కథ అచ్చయింది!

గిన్నెలమ్మి చదివించింది

1925లో రేచల్ పిట్స్‌బర్గ్‌లో ఆడపిల్లల కాలేజీలో చేరింది. ఫీజు కట్టడానికి మరియా యాపిళ్లు, కోళ్లు అమ్మింది. పియానో పాఠాలు ఇంకొందరికి చెప్పింది. అదీ చాలక ఇంట్లోని మంచి పింగాణీ సామాను కూడా అమ్మేసింది. కూతురు రచయిత్రి కావాలని చేరి, మధ్యలో జీవశాస్త్రానికి మారింది. 1929 వేసవిలో వుడ్స్‌హోల్‌లోని ప్రయోగశాలకు వెళ్లినప్పుడు మొదటిసారి సముద్రాన్ని చూసింది. అప్పటికి ఆమెకి ఇరవైరెండేళ్లు.

1932లో ఎమ్మే పట్టా వచ్చింది. 1935లో తండ్రి పోయాడు. 1937లో అక్క మరియన్ ఇద్దరు ఆడపిల్లల్ని వదిలి కన్నుమూసింది. ఆ పిల్లల భారం రేచల్, మరియాల మీద పడింది. రేచల్ ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్లు కూర్చుని రాసేది. తల్లి టైపు చేసి పెట్టేది. 1941లో వచ్చిన మొదటి పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో సముద్రం గురించి రాసిన రెండోది మాత్రం 86 వారాలపాటు బాగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలో నిలిచింది. మరుసటేడు ఉద్యోగం మానేసి, మెయిన్ రాష్ట్రంలో సముద్రం పక్కన చిన్న ఇల్లు కట్టుకుంది.

అక్కడికే వేసవిలో రోజర్ వచ్చేవాడు.

పాఠంలాగా చెప్పలేదు

వానొస్తే పిల్లాణ్ని లోపలికి లాక్కొచ్చే అలవాటు మనది. రేచల్ వానలోనే అడవికి తీసుకెళ్లేది. ఎండకి కరకరలాడే నాచు వానకి నాని స్పాంజిలా మెత్తబడుతుంది. రోజర్ దానిమీద మోకాళ్లేసి, గెంతి, కేరింతలు కొట్టేవాడు. బుల్లి బుల్లి స్ప్రూస్ మొలకలు కనబడితే ఒక ఆట. ఈ మొక్క ఉడతల క్రిస్మస్ చెట్టు, ఇంకా చిన్నది పురుగులది, కాస్త పెద్దది కుందేళ్లది! రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని ఇసుకలో పీతల వేట. నిద్ర చెడినా సరే, చందమామ సముద్రంలోకి దిగిపోవడం చూడాలి. చేతిలో ఒక భూతద్దం ఉంటే చిటికెడు ఇసుక కూడా రంగురాళ్ల కుప్పే.

ఇందులో ఏదీ ఆమె పాఠంలాగా చెప్పలేదు. పేర్లు వల్లె వేయించలేదు. తనకి నచ్చింది కనబడితే ఆగి సంబరపడేది, మాటల్లో మాటగా దాని పేరు అనేది. ఆశ్చర్యంగా పిల్లాడికి ఆ పేర్లన్నీ గుర్తుండిపోయాయి! తల్లిలాగే రేచల్ కూడా మైక్రోస్కోపు కింద చూసిన సముద్రజీవుల్ని అర్ధరాత్రయినా సరే బకెట్లో పెట్టుకుని తిరిగి నీళ్లలో వదిలొచ్చేది.

ఈ అనుభవాలతో 1956లో ఒక మహిళా పత్రికలో వ్యాసం రాసింది. మాకు సైన్సు రాదు, పిల్లలకేం చెబుతాం అని బెంగపడే తల్లిదండ్రులకి ధైర్యం చెప్పింది. పిల్లల్లో ముందు ఆశ్చర్యం, ఇష్టం పుడితే చాలు, తెలివి దానంతటదే వెతుక్కుంటూ వస్తుందన్నది ఆమె నమ్మకం. ఊళ్లో ఇరుకింట్లో ఉన్నా ఆకాశం చూడొచ్చు, గాలి హోరు వినొచ్చు, వంటింటి కిటికీలో కుండీ పెట్టి ఒక్క గింజ నాటొచ్చు అంది.

వరసగా దెబ్బలు

ఆ వ్యాసాన్ని పుస్తకంగా పెంచి రాయాలని ఆమె కోరిక. జీవితం ఆ తీరిక ఇవ్వలేదు. 1957 మొదట్లో రోజర్ తల్లి మార్జరీ చనిపోయింది. వాడికింకా అయిదేళ్లు నిండలేదు. నలభైతొమ్మిదేళ్ల రేచల్ వాణ్ని దత్తత తీసుకుంది. ఒకపక్క చంటివాడు, మరోపక్క ఎనభై దాటిన తల్లి. 1958 డిసెంబరులో మరియా కూడా వెళ్లిపోయింది.

అప్పటికే రేచల్ డి.డి.టి. లాంటి మందులు పిట్టల్ని ఎలా చంపుతున్నాయో రాయడం మొదలుపెట్టింది. 1960లో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. అది క్యాన్సరని డాక్టరు ముందుగా నిజం చెప్పలేదు. నొప్పులు భరిస్తూనే 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' పూర్తిచేసింది. మందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఆడమనిషి ఆవేశమని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆమె మందులు పూర్తిగా మానేయమనలేదు, తెలిసీ తెలియక గుమ్మరించొద్దంది. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ వేసిన శాస్త్రవేత్తల సంఘం ఆమె మాటల్ని బలపరిచింది.

1964 ఏప్రిల్ 14న, యాభైఆరేళ్లకే రేచల్ కన్నుమూసింది. రోజర్‌కి అప్పుడు పన్నెండేళ్లు. మరుసటేడు ఆ పాత వ్యాసమే 'ది సెన్స్ ఆఫ్ వండర్' అనే చిన్న పుస్తకంగా వచ్చింది. 1972లో అమెరికా డి.డి.టి. వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. మన దేశంలో పంటల మీద దాన్ని వాడకూడదని 1989లో నిషేధం పెట్టారు. మలేరియా వాళ్లొచ్చి గోడలకి డి.డి.టి. కొట్టిన రోజులు మన అమ్మమ్మలకి గుర్తుండే ఉంటాయి.

ఆలోచిస్తే, ఇదంతా ఎక్కడ మొదలైంది? ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పంతులమ్మ, చంటిపిల్ల చెయ్యి పట్టుకుని పెరట్లో నడవడం దగ్గర. ఆమె చేతిలో సిలబస్ లేదు. ఖర్చు అసలే లేదు. ఉన్నదల్లా ఆగి చూసే ఓపిక!

ఆ ఓపిక మనకీ కష్టమేం కాదు. తొలకరికి ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగు కనబడితే ఛీ ముట్టుకోకు అనకండి, పక్కన గొంతుక్కూర్చోండి. పోపులడబ్బాలోంచి నాలుగు మెంతులు తీసి పాత పళ్లెంలో చల్లించండి. కరెంటు పోయిన రాత్రి మేడమీద చాప పరిచి పిల్లలకోడి చుక్కలు వెతకండి. అదేమిటమ్మా అని పిల్లాడు అడిగితే, మీకు తెలియకపోతే, తెలియదురా, చూద్దాం రా... అనండి.

మరియా అన్నది అంతే. రేచల్ విన్నది అంతే!