జియోవన్నీ బొట్టెసీని

జియోవన్నీ బొట్టెసీని (డిసెంబర్ 22, 1821 - జూలై 7, 1889) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ డబుల్ బాస్ విద్వాంసుడు, స్వరకర్త, వాద్యబృంద నిర్దేశకుడు. వయొలిన్ జాతి వాద్యాలన్నింటిలోకీ పెద్దదీ, మంద్రమైనదీ డబుల్ బాస్. వాద్యబృందంలో వెనుక వరుసన నిలిచి ఆధార స్వరాలు పలికే ఆ వాద్యాన్ని ఏకవాద్యంగా కచేరీ వేదికకు తెచ్చినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. వయొలిన్ విద్వాంసుడు పగనీనితో పోల్చి ఇతనిని డబుల్ బాస్ పగనీని అని పిలిచేవారు. నాలుగు తంత్రుల వాద్యం వ్యాప్తి చెందుతున్న కాలంలో కూడా ఇతడు మూడు తంత్రుల వాద్యంతోనే కీర్తి గడించాడు.

బాల్యం, విద్య

ఉత్తర ఇటలీలో లొంబార్డీ ప్రాంతంలోని క్రేమా పట్టణంలో ఇతడు జన్మించాడు. తండ్రి పియెత్రో క్లారినెట్ వాద్యకారుడు, స్వరకర్త. బాల్యంలో ఇతడు వయొలిన్ అభ్యసించాడు. 1835లో తండ్రి ఇతనిని మిలాన్ సంగీత కళాశాలలో చేర్పించదలచాడు. అప్పటికి అక్కడ మిగిలి ఉన్న ఉపకార వేతనాలు రెండే, ఒకటి బసూన్ అనే సుషిర వాద్యానికి, రెండవది డబుల్ బాస్‌కు. బాలుడు రెండవదానిని ఎంచుకొని, కొద్ది వారాల సాధనతోనే ప్రవేశ పరీక్షలో నెగ్గాడు. తరువాత అర్ధ శతాబ్దం పాటు ఇతని పేరుతో పెనవేసుకున్న వాద్యం ఇతనికి లభించినది ఈ విధంగానే. కుటుంబానికి స్థోమత ఉండి ఉంటే బహుశా మరొక వయొలిన్ విద్వాంసుడు మాత్రమే తయారై ఉండేవాడు.

కళాశాలలో ఇతని గురువు లుయీజీ రోస్సీ. 1839లో ఏకవాద్య ప్రతిభకు 300 ఫ్రాంకుల బహుమతి పొంది ఇతడు కళాశాలను విడిచాడు. ఆ సొమ్ముకు ఒక బంధువు చేసిన సహాయం తోడై, మిలాన్ నగరానికి చెందిన కార్లో ఆంతోనియో తెస్తోరే 1716లో నిర్మించిన డబుల్ బాస్‌ను కొనుగోలు చేశాడు. ఇతని పేరు చెప్పగానే సంగీతజ్ఞులకు గుర్తుకు వచ్చే వాద్యం ఇదే.

తంత్రుల ఎంపిక, శ్రుతి

నేడు సాధారణంగా వాడుకలో ఉన్న డబుల్ బాస్‌కు నాలుగు తంత్రులు. క్రింది నుండి పైకి ఇ, ఏ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. ఒక తంత్రికి, దాని పై తంత్రికి మధ్య అంతరం మన సంగీతంలో షడ్జమం నుండి శుద్ధ మధ్యమం వరకు ఉండే దూరానికి సమానం. ఆనాటి ఇటలీలోను, ఇంగ్లండులోను మూడు తంత్రుల వాద్యమే ఎక్కువగా వాడేవారు. దానికి ఏ, డి, జి తంత్రులు మాత్రమే ఉండేవి. కనుక మూడు తంత్రులు వాడడం బొట్టెసీని కనిపెట్టిన విశేషమని భావించరాదు. ఇతనికి పూర్వం లండన్‌లో ఎంతో ఖ్యాతి గడించిన వెనిస్ విద్వాంసుడు డొమెనికో డ్రాగొనెట్టి (1763 - 1846) వాద్యం కూడా మూడు తంత్రులదే.

ఇతని స్వంత పద్ధతి మూడు విషయాలలో కనిపిస్తుంది. ఇతడు మామూలు కంటే సన్నని తంత్రులను వాడాడు, వాటిని హెచ్చు శ్రుతికి బిగించాడు, కమానును పట్టే తీరు మార్చాడు.

ఆ కాలపు తంత్రులు జంతువుల పేగులతో చేసినవి. ఉక్కు తంత్రులు ఇరవయ్యవ శతాబ్దంలో గాని వ్యాప్తిలోకి రాలేదు. బొట్టెసీని తన వాద్యాన్ని మామూలు కంటే ఒక పూర్తి స్వరం, అనగా షడ్జమం నుండి చతుశ్రుతి రిషభమంత ఎత్తు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ హెచ్చించి శ్రుతి చేసేవాడు. అప్పుడు మూడు తంత్రులు బి, ఇ, ఏ స్వరాలు పలుకుతాయి. తంత్రి మార్చకుండా శ్రుతి ఇంత పెంచితే దాని బిగువు రమారమి 27 శాతం పెరుగుతుంది. లావు తంత్రి అయితే వేలికి లొంగదు, వాద్యం పై పలకపై భారం కూడా మితిమీరుతుంది. వీణకు గాని వయొలిన్‌కు గాని తంత్రులు కట్టి బిరడ తిప్పిన వారెవరికైనా ఇది అనుభవంలోని సంగతే. సన్నని తంత్రి అయితే హెచ్చు శ్రుతిలోనూ వేలికి మెత్తగా ఉండి, కమాను తాకిన వెంటనే పలుకుతుంది. తంత్రులు నాలుగుకు బదులు మూడే కావడం వలన బ్రిడ్జిపై ఒత్తిడి తగ్గి వాద్యం మరింత స్వేచ్ఛగా ధ్వనిస్తుంది. పక్క తంత్రి తగులుతుందనే జంకు లేకుండా నడిమి తంత్రిని గట్టిగా వాయించవచ్చు.

హార్మోనిక్ స్వరాలు ఇతని వాదనంలో ప్రధానమైనవి. తంత్రిని నొక్కకుండా కొన్ని బిందువుల వద్ద వేలితో తాకి వాయిస్తే అవి పుట్టుతాయి. సగం వద్ద తాకితే పై షడ్జమం, మూడవ వంతు వద్ద ఆపై పంచమం, నాలుగవ వంతు వద్ద రెండు స్థాయిల పై షడ్జమం వినిపిస్తాయి. తంత్రి ఎంత సన్ననిదైతే ఈ స్వరాలు అంత తేటగా పలుకుతాయి. బొట్టెసీని కృతులలో ఇటువంటి స్వరాలతో కూడిన సంచారాలు వేలుపలక చివర దాటి బ్రిడ్జి సమీపం వరకు సాగుతాయి. ఈ ప్రాంతంలో వాయించడానికి ఎడమచేతి బొటనవేలిని కూడా తంత్రిపై ఆన్చవలసి ఉంటుంది.

కమాను విషయంలోనూ ఇతడు డ్రాగొనెట్టి మార్గాన్ని అనుసరించలేదు. డ్రాగొనెట్టి వంపు తిరిగిన కమానును అరచేయి పైకి ఉండేటట్లు క్రింది నుండి పట్టేవాడు. బొట్టెసీని చెల్లో వాద్యకారుల వలె పై నుండి పట్టే పద్ధతిని అవలంబించాడు. ఈ పద్ధతి నేడు ఫ్రెంచి పద్ధతి అనే పేరుతో నిలిచి ఉన్నది.

ఈ ఎంపికలో నష్టం లేకపోలేదు. సాధారణ శ్రుతిలో నాలుగవ తంత్రి సుమారు 41 హెర్ట్‌జ్ వరకు దిగుతుంది. బొట్టెసీని వాద్యంలో అతి మంద్ర స్వరం, నేటి శ్రుతి లెక్కన, సుమారు 62 హెర్ట్‌జ్ మాత్రమే. వాద్యబృందానికి పునాది వేసే గంభీర స్వరాలను వదులుకొని ఇతడు గాత్రాన్ని పోలిన నాదాన్ని సంపాదించాడు. ఏకవాద్యకారునికి ఇది లాభమే గాని, వాద్యబృందానికి కాదు. ఇతని మిత్రుడు, ఒపెరా స్వరకర్త వెర్డి 1887లో ప్రదర్శితమైన ఒథెల్లో చివరి అంకంలో డబుల్ బాస్‌లకు ప్రత్యేకంగా ఒక ఘట్టం రచించి, దానిని నాలుగు తంత్రుల వాద్యాలు మాత్రమే వాయించాలని నిర్దేశించాడు. ఆనాటికి బొట్టెసీని ఇంకా సజీవుడే.

దేశాటన

1840లో క్రేమాలో తొలి కచేరీ చేసిన తరువాత ఇతడు వయొలిన్ విద్వాంసుడైన తన సహాధ్యాయి లుయీజీ ఆర్దితితో కలిసి పర్యటించాడు. 1846లో క్యూబాలోని హవానా నగరంలో తకోన్ నాటకశాలలో ప్రధాన డబుల్ బాస్ వాద్యకారునిగా చేరాడు. ఇతని తొలి ఒపెరా క్రిస్టోఫర్ కొలంబస్ 1847లో అక్కడే ప్రదర్శితమైనది. 1849లో లండన్‌లో తొలిసారి వాయించి శ్రోతలను ఆశ్చర్యచకితులను చేశాడు. డ్రాగొనెట్టి మరణించి అప్పటికి మూడేళ్ళే అయినది. 1854 సెప్టెంబర్ 15న మెక్సికో నగరంలో ఆ దేశపు జాతీయగీతం తొలిసారి ఆలపింపబడినప్పుడు నిర్దేశకుడు ఇతడే. 1855 నుండి 1857 వరకు పారిస్‌లోని ఇటాలియన్ నాటకశాలకు నిర్దేశకునిగా పనిచేశాడు.

తాను నిర్దేశించే ఒపెరా అంకాల మధ్య విరామంలో డబుల్ బాస్‌తో వేదికపైకి వచ్చి, ఆనాటి ఒపెరాలోని గీతాలనే పల్లవించి వాయించడం ఇతని అలవాటు. బెల్లీని రచించిన సొన్నాంబులా ఒపెరా గీతాలపై ఇతడు కూర్చిన ఫాంటసియా ఆ కోవకు చెందినదే.

వెర్డి రచించిన ఐదా ఒపెరా తొలి ప్రదర్శన 1871 డిసెంబర్ 24న ఈజిప్టు రాజధాని కైరోలో బొట్టెసీని నిర్దేశకత్వంలో జరిగింది. పారిస్‌లో సిద్ధమైన రంగాలంకరణ, దుస్తులు ఫ్రాన్సు - ప్రష్యా యుద్ధం వలన ఆ నగరంలోనే చిక్కుకొనిపోవడంతో ప్రదర్శన ఆలస్యమైంది. వెర్డి కైరోకు వెళ్ళలేదు, బాధ్యత అంతా ఇతనిపైనే ఉంచాడు.

అంతిమ దినాలు

వెర్డి సిఫారసుతో 1889 ఆరంభంలో ఇతడు పార్మా సంగీత కళాశాల సంచాలకునిగా నియమితుడైనాడు. ఆరు నెలలు గడవకముందే జూలై 7న అక్కడే కన్నుమూశాడు. పగనీని సమాధి ఉన్న పార్మాలోని విల్లెట్టా శ్మశానవాటికలోనే ఇతనిని ఖననం చేశారు.

రచనలు, నేటి వాదనం

బొయితో గ్రంథానికి సంగీతం కూర్చిన ఏరో ఎ లెయాంద్రో (1879) ఇతని ఒపెరాలలో పేరుపొందినది. జీవించి ఉండగా వచ్చిన ఆ పేరు తరువాత నిలవలేదు. వాద్య కృతులు మాత్రం నేటికీ విద్యార్థుల పరీక్షలలోను, పోటీలలోను తప్పనిసరిగా వినిపిస్తాయి. రెండవ కంచెర్టో, ఎలిజీ, తరంతెల్లా, వయొలిన్ - డబుల్ బాస్‌ల గ్రాన్ దువో వాటిలో ముఖ్యమైనవి. గ్రాన్ దువో మొదట రెండు డబుల్ బాస్‌లకు వ్రాయబడినది. ఇతని శిక్షణ గ్రంథం కూడా ప్రసిద్ధమే.

ఇతని శ్రుతి పద్ధతి సోలో శ్రుతి అనే పేరుతో నాలుగు తంత్రులకు విస్తరించి కొనసాగుతున్నది. ఎఫ్ షార్ప్, బి, ఇ, ఏ స్వరాలకు సరిపడేటట్లు సన్నగా తయారుచేసిన ఉక్కు తంత్రులు ప్రత్యేకంగా లభిస్తాయి. రెండవ కంచెర్టో బి మైనర్‌లో వినిపించినా, వాద్యకారుని ప్రతిలో ఏ మైనర్‌లో వ్రాసి ఉండటానికి కారణం ఈ శ్రుతియే. ఆ నాలుగు తంత్రులలో అట్టడుగుదానికి మాత్రం బొట్టెసీని సంగీతంలో పని దాదాపు లేనట్లే.