లూథరు గృహస్థాశ్రమము

మార్టిన్ లూథరు పేరు వినగానే, పాపపరిహారపత్రముల విక్రయమును ఖండించుచు 1517 లో ఆయన ప్రకటించిన 95 సిద్ధాంతములు పాఠకులకు స్ఫురించును. మేమిచట చెప్పదలచినది ఆయన సంసారమును గూర్చి.

1483 లో జర్మనీయందలి ఐస్లెబెనులో జన్మించిన యీతడు తండ్రి కోరికచొప్పున న్యాయశాస్త్రము చదువుచు, 1505 లో త్రోవలో పిడుగుపాటునకు వెఱచి మ్రొక్కుకొని, తండ్రి కోపించినను వినక మఠమున జేరెను. నాటి ఐరోపాలో సన్న్యాసమే ఉత్తమమార్గము. సంసారము దానికి దిగువమెట్టు. గృహస్థాశ్రమమే తక్కిన యాశ్రమములకు ఆధారమని స్మృతులలో చదివిన మనకీ తారతమ్యము వింతగా దోచును. సంసారమును బురదగుంటయని నిందించిన విరాగులు మనలోను తక్కువవారు కారు లెండి!

విశ్వాసముచేతనే మనుజుడు దైవమునకు ప్రీతిపాత్రుడగునని నిశ్చయించుకొన్న పిమ్మట లూథరునకు బ్రహ్మచర్యదీక్ష పుణ్యసాధనముగా కనబడలేదు. పసిబిడ్డ గుడ్డలుతుకు తండ్రిని చూచి లోకము నవ్వినను దేవుడు సంతసించునని 1522 లో వివాహమును గూర్చి వ్రాసిన గ్రంథమున వాదించెను. అప్పటికాయన అవివాహితుడే.

మరుసటి యేట నింబ్‌షెన్ కన్యకామఠమునుండి తప్పించుకొని వచ్చినవారిలో కేథరీనా ఫాన్ బోరా యొకతె. 1525 జూన్ 13 వ తేదీన లూథరే యామెను వివాహమాడెను. ఆయనకు 41, ఆమెకు 26 ఏండ్లు. ఆ దినములలోనే కర్షకుల తిరుగుబాటు నెత్తుట ముంచబడుచుండెను. వారిని నిర్దయగా వధింపుడని ప్రభువులను పురికొల్పిన లేఖినియు ఈయనదే. ఈ కళంకమును మేము కప్పిపుచ్చజాలము.

విట్టెన్‌బర్గులోని పాతమఠమే వారి గృహమయ్యెను. భర్త చేతిలో కాసు నిలువదు. కేథరీనా విద్యార్థులకు బసయు భోజనమును అమర్చి, బీరు కాచి, పశువులను పెంచి, తోటలు సాగుచేయించి ఇల్లు నడపెను. ఆరుగురు బిడ్డలు కలిగిరి. ఎలిజబెత్తు శైశవముననే పోయెను. 1542 లో పదుమూడేండ్ల మగ్దలేనా తండ్రి చేతులలో కన్నుమూసెను. పునరుత్థానమును ఇన్నేండ్లు బోధించినవాడు, బిడ్డ దైవసన్నిధిని సుఖముగా నున్నదని నమ్మియు, ఏడ్పు నాపుకొనలేకపోయెను, దానిని దాచుకొననులేదు.

ఆ సంవత్సరారంభముననే ఆయన వీలునామా వ్రాసియుండెను. ఆస్తి భార్యకే చెందవలెను, బిడ్డలకు సంరక్షకురాలామెయే, తల్లి బిడ్డల చేతులవంక చూడరాదు. సాక్సనీ శాసనమో, విధవకు సంరక్షకుడుండి తీరవలెననును. ఒకప్పుడు న్యాయశాస్త్రము చదువబోయిన యీతడు న్యాయవాదులను నమ్మక, శాసనవిధుల నుపేక్షించి ఆ పత్రము వ్రాసెను. 1546 ఫిబ్రవరి 18 న ఆయన మరణింపగా, రాజు వీలునామాను స్థిరపరచినను, ఆ తల్లికిని బిడ్డలకును సంరక్షకులు నియమింపబడిరి. లూథరు బోధయే రాజ్యమతమైన చోట, ఇరువదియేండ్లు ఆయన యింటి లెక్కలన్నియు చూచిన యిల్లాలు తన లెక్క తాను చూచుకొనుటకు అర్హురాలు కాకపోయెను.

పిమ్మట యుద్ధము వచ్చి పొలములు పాడయ్యెను. 1552 లో మహామారికి వెఱచి బిడ్డలతో టోర్గౌకు పోవుచు ఆమె బండినుండి పడెను. మరల లేవలేదు. డిసెంబరు 20 న అచటనే కన్నుమూసెను.