పియానో గురువు కార్ల్ చెర్నీ

పియానో నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో చెర్నీ పేరు వినబడక మానదు. బెంగుళూరులో, చెన్నైలో, పూణేలో గ్రేడు పరీక్షలకు తయారయ్యే మన పిల్లల చేతుల్లో కూడ ఆ పేరున్న అభ్యాస పుస్తకాలు కనబడతాయి. ఇంత విసుగు పుట్టించే పాఠాలు ఎవరు రాశారో అని పిల్లలు సణుగుకోవడం మామూలే. ఆ పుస్తకాల వెనుక ఉన్న జీవితం మాత్రం చాలామందికి తెలియదు. కీర్తి తెచ్చే వేదికను వదులుకొని, ముప్పై ఏళ్ళపాటు పరుల బిడ్డల పక్కన కూర్చొని, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవడం, తాళం తప్పకుండా వాయించడం నేర్పిన గురువు ఆయన.

కార్ల్ చెర్నీ 1791 ఫిబ్రవరి 21న ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో జన్మించాడు. వారిది చెక్ కుటుంబం. ఊరంతా జర్మన్ మాట్లాడుతున్నా ఇంట్లో చెక్ భాషే మాట్లాడుకునేవారు. ఇతర రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడి ఇంట్లో తెలుగు నిలుపుకున్న మనకు ఇది కొత్త సంగతి కాదు. తండ్రి వెంజెల్ చెర్నీ సంగీత పాఠాలు చెబుతూ, పియానోలు బాగుచేస్తూ సంసారం నడిపేవారు. కార్ల్ ఒక్కడే సంతానం. మూడేళ్ళ వయసుకే పియానో మెట్ల మీద వేళ్ళు పెట్టాడు. మొదటి గురువు తండ్రే.

సుమారు పదేళ్ళ వయసులో, క్రుంఫోల్జ్ అనే వయోలిన్ విద్వాంసుడు తండ్రీకొడుకులను బీథోవెన్ ఇంటికి తీసుకొని వెళ్ళారు. ఎన్నో మెట్లెక్కి పై అంతస్తుకు చేరితే, గది నిండా కాగితాలు, బట్టలు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. బీథోవెన్ చెవుల్లో ఏదో పసుపు రంగు మందులో తడిపిన దూది ఉంది. ఆయనకు అప్పటికే వినికిడి తగ్గుతున్నది. బాలుడు మొజార్టు రచన ఒకటి, తరువాత బీథోవెన్ స్వయంగా రచించిన పతేతిక్ సొనాటా వాయించాడు. పిల్లవాడిలో ప్రతిభ ఉందనీ, తానే నేర్పుతాననీ బీథోవెన్ ఒప్పుకున్నారు.

అంతటి గురువు దగ్గర మొదటి పాఠాల్లో పాటలేవీ లేవు. అన్ని శ్రుతుల్లో స్కేళ్ళు వాయించడం, చెయ్యి నిలిపే పద్ధతి, బొటనవేలిని వాడే తీరు, ఇవే పాఠాలు. ఆ తరువాతే రచనలు. పునాది సంగతి చెర్నీ అక్కడే నేర్చుకున్నారు.

ఆయనకు జ్ఞాపకశక్తి అపారం. బీథోవెన్ రచనలను పుస్తకం లేకుండా వాయించగలిగేవారు. లిక్నోవ్‌స్కీ ప్రభువు తన ఇంటికి పిలిపించుకొని, ఏ రచన పేరు చెబితే అది వాయింపించుకొని ఆనందించేవారు. అందరూ మెచ్చుకున్నా బీథోవెన్‌కు మాత్రం ఇది నచ్చలేదు. ఎప్పుడూ కంఠస్థం చేసినదే వాయిస్తూ ఉంటే కళ్ళతో గబగబా చదివే శక్తి, చూడగానే వాయించే నేర్పు పోతాయని ఆయన భయం. ఈ నేర్పునే సైట్ రీడింగ్ అంటారు. మునుపెన్నడూ చూడని స్వరలిపిని ఎదుట పెడితే, ఆగకుండా, లయ చెడకుండా వాయించగలగడమన్నమాట. ఇందులో కళ్ళు ఎప్పుడూ వేళ్ళకంటె కొంచెం ముందు నడవాలి. పాట నోటికి వచ్చినవారికి ఆ అవసరం ఉండదు గనుక కళ్ళు బద్ధకిస్తాయి.

1805లో చెర్నీ కచేరీ యాత్రకు బయలుదేరవలసి ఉంది. బీథోవెన్ యోగ్యతా పత్రం కూడ రాసి ఇచ్చారు. కాని అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. తలిదండ్రులు పెద్దవారవుతున్నారు. యాత్ర ఆగిపోయింది. 1812 ఫిబ్రవరిలో బీథోవెన్ ఐదవ పియానో కన్సర్టోను వియన్నాలో మొదటిసారి వాయించిన ఘనత చెర్నీదే అయినా, జనాన్ని అబ్బురపరచే ఆర్భాటం తన వాయిద్యంలో లేదని ఆయనే అనుకున్నారు. పదిహేనేళ్ళ వయసు నుండే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. రోజుకు పన్నెండు గంటల వరకు, ఒక విద్యార్థి వెంట మరొకరు.

1816లో ఒక సంఘటన జరిగింది. బీథోవెన్ రచించిన ఒక క్వింటెట్‌ను కచేరీలో వాయిస్తూ, చెర్నీ యౌవన ఉత్సాహంతో లేని హంగులు కొన్ని చేర్చారు. బీథోవెన్ తోటి వాద్యకారుల ఎదుటనే గట్టిగా మందలించారు. మరునాడు మనసు నొచ్చుకొని, క్షమించమంటూ ఉత్తరం రాశారు. అయితే తన రచన రాసినట్టే వినబడాలని కోరుకోవడం రచయితకు సహజమని కూడ అందులో తెలిపారు. ఈ పాఠాన్ని చెర్నీ జీవితాంతం మరువలేదు. రాసినదానికి విధేయంగా ఉండడం ఆయన బోధనకు మూలసూత్రమైంది.

ఆ మందలింపు వలన నమ్మకమేమీ తగ్గలేదు. ఆ రోజుల్లోనే బీథోవెన్ తన అన్నదమ్ముల బిడ్డ కార్ల్‌ను చెర్నీ వద్ద పాఠాలకు పెట్టారు. ఎలా నేర్పాలో కూడ రాశారు. ముందు వేళ్ళ వాడకం సరిగా కుదరాలి, తాళం కుదరాలి, స్వరాలు తప్పు లేకుండా రావాలి. ఆ తరువాతనే భావం సంగతి. పిల్లవాడు వాయిస్తుండగా చిన్న తప్పులకు మధ్యలో ఆపవద్దు, పాట పూర్తయ్యాక చెప్పండి అన్నది ఆ సలహా. తప్పు వచ్చిన ప్రతిసారీ ఆగి దిద్దుకొనే పిల్లవాడికి స్వరం దొరుకుతుందేమో గాని లయ దొరకదు. ఒక స్వరం తప్పినా పాట సాగుతుంది. తాళం తెగితే పాటే ఆగిపోతుంది.

1819లో ఒక ఉద్యోగి ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చారు. పాలిపోయిన, బలహీనమైన పిల్లవాడు. వాయిస్తుంటే కుర్చీలో అటూ ఇటూ ఊగి పడిపోతాడేమో అనిపించింది. ఏ వేలు ఎక్కడ వెయ్యాలో తెలియదు, లయ అసలే లేదు. అయినా చెర్నీ కొన్ని కొత్త రచనలు ఎదుట పెట్టగా, చూడగానే వాయించిన తీరులో అసాధారణ ప్రతిభ కనబడింది. ఆ బాలుడే ఫ్రాంజ్ లిస్ట్. 1822లో ఆ కుటుంబం వియన్నాకు వచ్చాక చెర్నీ దాదాపు ప్రతి సాయంత్రం పాఠం చెప్పారు. రుసుము తీసుకోలేదు. స్కేళ్ళు, నిలకడైన తాళం, క్లెమెంతీ సొనాటాలు. స్వేచ్ఛగా ఎగరాలనుకునే పిల్లవాడికి ఇది కష్టంగానే తోచింది. చెర్నీ సడలించలేదు. ప్రతి రచనను త్వరత్వరగా నేర్పి కొత్తదానికి మళ్ళించేవారు. ఫలితంగా కష్టమైన రచనలను సహితం సభలో చూడగానే వాయించే స్థాయికి ఆ బాలుడు ఎదిగాడు. 1822 డిసెంబరులో వియన్నాలో మొదటి కచేరీ చేశాడు. లోకప్రసిద్ధుడైన తరువాత లిస్ట్ తన మిక్కిలి కష్టమైన అభ్యాస రచనలను 1852లో ఆ గురువుకే అంకితమిచ్చారు.

1836లో చెర్నీ పాఠాలు మానివేశారు. తలిదండ్రులు అప్పటికే గతించారు, ఆయన వివాహం చేసుకోలేదు. రచనలోనే మునిగిపోయారు. ఆయన రచనల వరుస సంఖ్య 861 వరకు సాగింది. 599వది కొత్తగా నేర్చుకునేవారికి, 299వది వేగం అలవడడానికి. 337వది నలభై నిత్యాభ్యాసాలు. వాటిలో ఏ భాగాన్ని ఆపకుండా ఎన్నిసార్లు వాయించాలో కూడ సంఖ్య వేశారు. ఇవన్నీ ప్రాణం లేని కసరత్తులని ఎగతాళి చేసినవారున్నారు. కాని ఆయన శిష్యుడు లెషెటిట్‌స్కీ ద్వారా, లిస్ట్ ద్వారా ఆ పద్ధతి తరువాతి తరాల మహా వాద్యకారులకు అందింది.

1857 జులై 15న చెర్నీ వియన్నాలో కన్నుమూశారు. సంపాదించిన ఆస్తిని చాలావరకు దానధర్మాలకు రాసిపోయారు. అందులో బధిరుల సంస్థ ఒకటి. దూది పెట్టుకున్న ఆ చెవులను పదేళ్ళ వయసులో చూసినవాడు ఇలా రాసిపోవడం మనసును తాకుతుంది.

మీ ఇంట్లో పియానో గాని కీబోర్డు గాని నేర్చుకునే బిడ్డ ఉంటే, రోజూ పది నిమిషాలు ఈ పని చేయించండి. ఎప్పుడూ చూడని నాలుగు వరుసల పాట ముందు పెట్టండి. శ్రుతి గుర్తులు, తాళం గుర్తు ముందుగా చూసుకోమనండి. నిదానంగా లెక్కపెడుతూ, తప్పినా ఆగకుండా చివరిదాకా వాయించమనండి. తప్పులు చివర చెప్పండి. మరునాడు మరో కొత్త పాట. చెర్నీ పుస్తకం చూసి పిల్లలు సణిగితే, లిస్ట్ అంతటివాడు కూడ ఈ దారినే నడిచాడని చెప్పండి.